కాఫీ బల్ల మూల

మార్లో, అయోవా
ఫిబ్రవరి 9

హాల్వర్ మామయ్యకి,

నిన్న సాయంత్రం టోర్న్‌బీ బడి భోజనాల గదిలో, ఊరంతా చూస్తుండగా, దొంగతనం జరిగింది. చేసినవాడు వర్జిల్ ఆమ్‌డాల్. అవును, ఇనుప సామాన్ల కొట్టు వర్జిలే, నీతో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాడే. దోచింది మా గుంపుని.

నువ్వున్న రోజుల్లో ఈ కాకస్ సభ తాతయ్య వంటింట్లో జరిగేదట. ఇప్పుడు బడిలో పెడుతున్నారు, అంతే తేడా. ఇప్పటికీ చీటీ లేదు, పెట్టె లేదు, తెర లేదు. అధ్యక్ష పదవికి మన పార్టీ తరఫున ఎవరు పోటీ చెయ్యాలనుకుంటావో, ఆ మనిషికి ఇచ్చిన మూలకి నడిచి వెళ్లి, ఇరుగుపొరుగు మొహాలు చూస్తూ నిలబడాలి. రాలేనివాళ్లకి లెక్క లేదు, దాక్కునేవాళ్లకి చోటు లేదు. దేశం మొత్తం మీద ఇంతకంటే నిజాయితీ గల పద్ధతి లేదని నేను ఇవాళ కూడా అంటాను. అందుకే నా కడుపు ఇంతగా మండుతోంది.

నేను ఆగస్టు నుంచీ కెస్లర్ గారి కోసం తిరుగుతున్నానని నీకు తెలుసు. ఆయన కరపత్రాలన్నీ నాకు కంఠతా వచ్చు. మంచులో, బురదలో, కుక్కలున్న ఇళ్లకి, కుక్కలకంటే ఎక్కువ మొరిగే మనుషులున్న ఇళ్లకి అన్నిటికీ వెళ్లాను.

నిన్న వర్జిల్ గారు, కొట్లో రంగు డబ్బాలు అందుకునే నిచ్చెనపీట తెచ్చుకుని, దాని మీదెక్కి ఆజ్ఞాపించారు. "బార్లో వాళ్లు కిటికీ వైపు. టిల్మన్ వాళ్లు గంట కింద. కెస్లర్ వాళ్లు పియానో దగ్గర. ఎటూ తేల్చుకోనివాళ్లు కాఫీ బల్ల దగ్గర." చూశావా పన్నాగం? చలిలో పడి వచ్చినవాడు ఎవడైనా ముందు ఎక్కడికి పోతాడు? కాఫీ దగ్గరికి పోతాడు. అందులోనూ అమ్మ పొడిలో గుడ్డు కలిపి కాచే కాఫీ.

గదిలో ఉన్నవాళ్లలో ఆరో వంతు లేని గుంపు నిలవదు. మాకు ఎనిమిదిమంది కావాలి, ఏడుగురం ఉన్నాం. కాఫీ బల్ల దగ్గర సరిగ్గా ఎనిమిది తలలు. మొదటి లెక్క అయ్యాక, నిలవని గుంపువాళ్లు మనుషుల్ని కూడగట్టుకోవడానికి అరగంట ఇస్తారు కదా, ఆ అరగంట నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పాడి ఆవుల క్లెయిర్ హోవ్‌లాండ్ కాఫీ బల్లకి ఆనుకుని నిలబడి ఉంటే బతిమాలాను. "నీ కెస్లర్ మా ఆవుల్ని పిండటానికి వస్తాడంటే ఇప్పుడే వస్తా పిల్లా. లేదంటే నన్నీ బిస్కెట్టు తిననీ," అన్నాడు. ముసలి ఇడెల్లా అయితే చెవుడు నటించింది. ఇక అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, పియానో దాకా. నాలుగడుగులు."

"గుడ్డు కలిపిన పొడి ఇప్పుడే వేశానే. వదిలితే పొంగిపోతుంది."

"పొంగితే పొంగనీ! నువ్వొస్తే మేం నిలుస్తాం!"

"చూస్తున్నాగా, సిగ్నే," అంది. ఏం చూస్తోందో నాకు అర్థం కాలేదు. కిటికీ వైపు నుంచి నాన్న చెయ్యి ఊపుతున్నాడు. అంతలో వర్జిల్ ఈల ఊదేశాడు. కాఫీ పోస్తున్న మా అమ్మని కూడా వేలు పెట్టి లెక్కేశాడు!

"కాఫీ తాగేవాళ్లని లెక్కేస్తావా?" అని అరిచాను. "ఎక్కడ నిలబడితే అక్కడే లెక్క అమ్మాయ్. మీ తాతయ్య పెట్టిన పద్ధతే ఇది," అన్నాడు. నాన్న కిటికీ దగ్గర నుంచి "గొంతు తగ్గించు సిగ్నే, బల్లలు అదురుతున్నాయ్," అన్నాడు. అందరూ నవ్వారు. నేను తలుపు ధడాలున వేసి బయటికి వచ్చేశాను. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో నాకు తెలియదు, తెలుసుకోను కూడా. ఇప్పుడు మార్లోలో, గుడ్ల గోదాములో నాతో పనిచేసే బెవర్లీ గదిలో ఉంటున్నాను. అమ్మతో మాట్లాడటం లేదు.

కౌంటీ పార్టీకి అర్జీ పెడుతున్నాను. ఆ ఎనిమిదిమంది లెక్క కొట్టెయ్యాలని. నువ్వు కూడా ఒకప్పుడు ఈ ఊళ్లో ఎదురు నిలిచినవాడివట. ధైర్యం చెప్పు.

న్యాయం వైపే నిలిచే నీ మేనకోడలు,
సిగ్నే


ఆస్టోరియా, ఆరెగాన్
ఫిబ్రవరి 17

తలుపులు విరగ్గొట్టే మేనకోడలికి,

నీ ఉత్తరం చేపల డబ్బాల కర్మాగారంలో బాయిలర్ పక్కన కూర్చుని చదివాను. బాయిలర్ కంటే ఉత్తరమే వేడిగా ఉంది. ఇక్కడ ఆగని వాన. నా బూట్లలో ఏదో మొలుస్తోందని అనుమానం.

వర్జిల్ సంగతి చెప్తాను. బళ్లో నా పెన్సిళ్లు కొరికేవాడు, కానీ ఏనాడూ దొంగిలించలేదు. వాడు మొండివాడు. మొండివాడికీ దొంగకీ తేడా ఉంది. పందొమ్మిదేళ్లప్పుడు నాకూ ఆ తేడా కనిపించేది కాదులే.

నువ్వు కాకస్ గురించి రాస్తే మా వంటిల్లు గుర్తొచ్చింది. మీ అమ్మ మొదటిసారి వచ్చిన ఏడు, మా నాన్న దాని భుజం పట్టుకుని పొయ్యి పక్కకి, తన మనుషుల దగ్గరికి నడిపించాడు. కుర్చీని జరిపినంత మామూలుగా. అది నడిచింది. రెండోసారికి పెళ్లయింది, మీ నాన్న డ్వేన్ ఎక్కడ నిలబడితే అక్కడ నిలబడింది. లెక్క అయిపోగానే మళ్లీ కాఫీ దగ్గరికి. నేను నాన్నకి ఎదురు మూలలో నిలబడ్డాను. ఆయన ఆ చలికాలమంతా నాతో పలకలేదు. ఎండలొచ్చేసరికి నేనిక్కడ ఉన్నాను.

అందుకని ఒక్క మాట అడుగుతాను. మీ అమ్మ మారెన్ ఏ మూలలో నిలబడాలనుకుంటోందో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? అర్జీ పోస్టులో వేసే ముందు ఆ సంగతి ఆలోచించు.

పొగబెట్టిన సాల్మన్ చేప పంపిస్తున్నాను. బెవర్లీకి కూడా పెట్టు. నేల మీద పడుకోకు, ఫిబ్రవరిలో నేల మనిషిని తినేస్తుంది.

నీ వానకాలపు మామయ్య,
హాల్వర్


మార్లో
ఫిబ్రవరి 23

మామయ్యా!

నీ ఉత్తరం నా కళ్లు తెరిపించింది. ఇన్నాళ్లూ ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు! భుజం పట్టి నడిపించడం! కుర్చీని జరిపినట్టు! అడిగావు కదా, ఎవరైనా అడిగారా అని? ఎవరూ అడగలేదు! ముందు తాతయ్య, తర్వాత నాన్న. మొన్న కూడా అదే జరిగింది. నాన్న కిటికీ దగ్గర నుంచి చెయ్యి ఊపింది ఎందుకనుకున్నావు? "కదలకు, అక్కడే ఉండు" అని. అమ్మ పియానో దగ్గరికి వస్తే ఆయన బార్లో గారికి ఇంట్లోనే పోటీ కదా.

అర్జీ అప్పటికే పంపేశాను, అయినా ఏం పర్వాలేదు. రెండో కాగితం రాసి వెనకాలే పంపాను. "మారెన్ రుస్తాద్ అనే మహిళ తన ఇష్టప్రకారం నిలబడలేదు. ఆమెను భర్త అక్కడ నిలబెట్టాడు. ఆ కుటుంబంలో ఇది రెండు తరాల ఆచారం," అని. కరపత్రంలో ఒక వాక్యం ఉంది, అది కూడా చేర్చాను. "నిలబెట్టబడినవాడు నిలబడినవాడు కాడు." మా గుంపులో మిగతా ఆరుగురూ సంతకాలు పెట్టారు.

అసలు అమ్మ మనసు కెస్లర్ గారి వైపే ఉంది. నా దగ్గర రుజువుంది. డిసెంబరు సంగతి నీకు తెలుసు కదా? మార్లో ఆసుపత్రిలో ప్రసవాల గది మూసేశాక, గర్భిణులు మంచులో గంటకు పైగా కారులో పోవాల్సి వస్తోంది. క్లెయిర్ కోడలి కారు గుంటలోకి జారింది. బడి పిల్లల్ని దించి వెనక్కి వస్తున్న అమ్మ ఆమెను తన బస్సులోకి ఎక్కించుకుంది. బస్సులోనే, రెండు సీట్ల మధ్య, మగపిల్లాడు పుట్టాడు. అమ్మ తన కోటులో చుట్టింది. ఊరంతా నెల రోజులు అదే మాట. అమ్మ మాత్రం, "హీటరు పనిచేసింది, అదృష్టం," అని ఊరుకుంది.

ఆ తర్వాత పక్షం రోజులకి కెస్లర్ గారు మా ఊరి కాఫీ హోటలుకి వచ్చారు. అమ్మ లేచి నిలబడింది. అమ్మ! ప్రార్థన చదవమంటేనే గొంతు పెగలని మనిషి! "అయ్యా, మీరు గెలిస్తే మార్లో ప్రసవాల గది తెరిపిస్తారా?" అని అడిగింది. ఆయన బల్లలు దాటుకుని వచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్లలో నీళ్లు. "మీలాంటి తల్లుల చేతుల మీదే ఈ దేశం నిలబడి ఉందమ్మా," అన్నారు. తన చేత్తో ఒక కరపత్రం ఇచ్చారు. నేను ఏడ్చేశాను. అలాంటి మనిషిని వదిలేసి అమ్మ కాఫీ పాత్రను ఎంచుకుంటుందా?

నువ్వు "వర్జిల్ మొండివాడు, దొంగ కాదు" అని రాయడం మాత్రం నాకు నచ్చలేదు. కోపం తెచ్చుకోకు, నువ్వు ఎదురు నిలిచావు, నిజమే. కానీ ఒక్క చలికాలం నాన్న పలకకపోతే పారిపోయావు. నేను పారిపోను. నేలయినా సరే, మార్లో నేల మీదే ఉంటాను.

చేప చాలా బాగుంది. బెవర్లీ పిల్లి సగం తినేసింది.

వెనక్కి తగ్గని,
సిగ్నే


ఆస్టోరియా
మార్చి 3

సిగ్నే,

ఇవాళ వెటకారాలు లేవు.

నేను ఒకటి రాస్తే నువ్వు ఇంకొకటి చదువుకున్నావు. మారెన్‌ని ఎవరైనా అడిగారా అంటే, నువ్వు వెళ్లి అడగమని. నేను చెప్పింది పాతికేళ్ల కిందటి వంటింటి మాట. మొన్నటి సాయంత్రానికి నేను సాక్షిని కాను. నా ఉత్తరాన్ని సాక్ష్యంగా వాడేముందు నన్నొక మాట అడగాల్సింది.

నిన్న మీ అమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. క్రిస్మస్‌కి కాకుండా అది నాకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అన్నయ్యా, కుశలం. ఇక్కడ మంచు కరుగుతోంది, రోడ్లు పాడు. ఒక సంగతి. కాకస్‌లో మా కాఫీ బల్ల గుంపుకి ఒక ప్రతినిధి స్థానం వచ్చింది. కౌంటీ మహాసభకి ఒకర్ని పంపాలి. ఇడెల్లా నా పేరు చెప్పింది. మిగతావాళ్లు చేతులెత్తారు. నేను వద్దనలేదు. సిగ్నే అప్పటికే వెళ్లిపోయింది. అది ఇంటికొస్తే నేనే చెప్దామని ఎవరి చేతా కబురు పంపలేదు. ఇంకా రాలేదు. దాని మందపాటి మేజోళ్లు ఇక్కడే ఉండిపోయాయి."

అర్థమైందా? నువ్వు వర్జిల్ కింద నిచ్చెనపీట లాగుతున్నాననుకుంటున్నావు. లాగేది మీ అమ్మ కింద కుర్చీ. అర్జీ నెగ్గితే కాఫీ బల్ల గుంపు చెల్లదు, మారెన్ ప్రతినిధి కాదు. నలభై ఆరేళ్లకి మొదటిసారి, ఎవరూ భుజం పట్టుకోకుండా అది ఒకచోట నిలబడితే, అది కూడా ఎవరో నిలబెట్టారని కాగితం మీద రాసి పంపింది దాని కూతురు.

కెస్లర్ గారి సంగతి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆయన చేతులు పట్టుకున్నాడు, కన్నీళ్లు పెట్టాడు, కరపత్రం ఇచ్చాడు. మీ అమ్మ అడిగినదానికి ఏం జవాబు చెప్పాడో ఆ ఉత్తరంలో ఎక్కడుందో నాకు కనిపించలేదు.

పారిపోయావన్నావు. కాదని బుకాయించను. పారిపోయినవాడికి ఒక్కటి బాగా తెలుసు. తలుపు వేసి వెళ్లిపోయాక గదిలో ఏం జరిగిందో మనకి ఎప్పటికీ ఇతరులే చెప్పాలి.

ఇంటికి వెళ్లు.

హాల్వర్


టోర్న్‌బీ
మార్చి 9

మామయ్యా,

వెళ్లాను.

నీ ఉత్తరం గోదాములో చదివాను. ఒక అట్టపెట్టె గుడ్లు నా చేతుల్లోంచి జారిపోయాయి. మేస్త్రీ తిట్టాడు. తిట్టించుకుని, బస్టాండు దాకా పరిగెత్తాను. టోర్న్‌బీ చేరేసరికి, ఇంటి ముందు అమ్మ బడి బస్సు అద్దం మీద మంచు గీకుతోంది. నన్ను చూసి ఆగలేదు.

"మేజోళ్లు లోపలున్నాయి," అంది.

"అమ్మా, నాకు తెలియదు. నువ్వు ప్రతినిధివని..."

"కౌంటీ వాళ్లు నీ అర్జీ నకలు పంపించారు. చదివాను. నన్నెవరో నిలబెట్టారటగా?"

"నాన్న చెయ్యి ఊపాడు కదా, కదలొద్దని!"

గీకడం ఆపింది. నవ్వింది, మామయ్యా. "పిచ్చిమొద్దూ. రమ్మని ఊపాడే మీ నాన్న! కిటికీ దగ్గరికి రమ్మని. ఇటు నువ్వు, అటు ఆయన. మధ్యలో నేను, పొంగుతున్న కాఫీ. ఇద్దరూ చెరో చెయ్యి పట్టుకుని లాగితే పాత్ర ఎవరు పట్టుకుంటారు?"

"మరి నాతో ఆ మాట అనలేదేం?"

"అన్నాగా. చూస్తున్నానని. ఎనిమిదిమందిమి ఉన్నామా లేదా అని చూసుకుంటున్నా. నేను కదిలితే మా గుంపు పడిపోయేది."

అప్పుడు తట్టింది నాకు. వాళ్లు కాఫీ తాగుతూ అక్కడ చిక్కుకుపోయినవాళ్లు కారు. క్లెయిర్ మనవడు బస్సులో పుట్టినవాడు. ఇడెల్లా నలభై ఏళ్లు మంత్రసాని పని చేసింది. మిగతా ఐదుగురి ఇళ్లలోనూ కడుపుతో ఉన్న పిల్లో, ఉండబోయే పిల్లో ఉంది. వాళ్లు డిసెంబరు నుంచి ముగ్గురు అభ్యర్థుల్నీ అదే ప్రశ్న అడిగారట. బార్లో గారు తన గుమాస్తాని అడగమన్నారట. టిల్మన్ గారు గడియారం చూసుకున్నారట.

"కెస్లర్ గారు కన్నీళ్లు పెట్టుకున్నారమ్మా," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"పెట్టుకున్నాడు. మంచివాడే. గది తెరిపిస్తానని మాత్రం అనలేదు. ఆ కరపత్రం రెండువైపులా చదివాను సిగ్నే. ఆసుపత్రి మాటే లేదు." బస్సు మెట్టు మీద కూర్చుంది. "ఎవరైనా ఆ మాట అనేదాకా నేను ఎవరి మూలకీ పోను. అనగానే పోతాను. అంతే నా రాజకీయం."

నేను అర్జీ వెనక్కి తీసుకుంటానన్నాను. ఆ రోజే, ఫోన్ చేసి. అమ్మ ఒప్పుకోలేదు.

"తీసుకోకు. నన్ను నిలబెట్టారని కాగితం మీద రాశావు. అది ఇప్పుడు కౌంటీ ఆఫీసులో ఉంది. వెనక్కి తీసుకుంటే ఆ మాట అబద్ధమని ఎవరికీ తెలియదు, ఏదో తల్లీకూతుళ్లు రాజీపడ్డారనుకుంటారు. విచారణ జరగనీ. నేనెక్కడ నిలబడ్డానో నా నోటితో చెప్తా."

మామయ్యా, నేను కరపత్రాల్లో ఎన్ని చదివాను! పిడికిళ్లు, జెండాలు, ఉప్పెనలు. మంచు గీకే రేకు ఒళ్లో పెట్టుకుని, బస్సు మెట్టు మీద కూర్చుని అమ్మ అన్న ఆ మాట ఏ కరపత్రంలోనూ లేదు.

విచారణ వచ్చే వారం శనివారం, పందొమ్మిదిన. ఫిర్యాదు చేసినదాన్ని కాబట్టి నేను వెళ్లి చదవాలట. అమ్మ బస్సులోనే ఇద్దరం వెళ్తాం. నాన్న ఈ మధ్య రోజూ పొద్దున్నే ఆ బస్సు తుడుస్తున్నాడు, ఎందుకో చెప్పడు.

నిన్ను పారిపోయినవాడివన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను, ఎందుకంటే నువ్వూ కాదనలేదు. కానీ పారిపోయినవాళ్లు తిరిగి రాకూడదని ఏ రూల్లోనూ లేదు.

మందపాటి మేజోళ్లలో,
సిగ్నే


ఆస్టోరియా
మార్చి 14

మేనకోడలా,

నీ ఉత్తరం బాయిలర్ దగ్గరున్న వాళ్లందరికీ చదివి వినిపించాను. మంచు గీకే రేకు దగ్గరికి వచ్చేసరికి ఫిన్లండ్ ముసలాయన ముక్కు చీదుకున్నాడు. "మీ చెల్లెలికి పెళ్లయిందా?" అని అడిగాడు. అయిందన్నాను. నిట్టూర్చి బొగ్గు వేశాడు.

ఒక భయం మాత్రం ఉంది. మారెన్ నలుగురిలో మాట్లాడాలంటే మెడ మీద ఎర్రటి మచ్చలు వస్తాయి, చిన్నప్పటి నుంచీ. అప్పుడు దాని వంక చూడకు. చూస్తే ఆగిపోతుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండు.

మేస్త్రీని సెలవు అడిగాను. ఇస్తాడో లేదో. ఇచ్చినా, ఇన్నేళ్ల తర్వాత నేను వచ్చి ఏ మూల నిలబడాలి? నాకిప్పుడు అక్కడ ఓటు లేదు, ఇల్లు లేదు. ఏం జరిగిందో వెంటనే రాయి. మహాసభ ఏ రోజో, ఎన్నింటికో కూడా రాయి. ఊరికే, తెలుసుకుందామని.

మీ నాన్న బస్సు తుడుస్తున్నాడా! డ్వేన్ రుస్తాద్! నేను అక్కడుండగా తన బూట్లే తుడిచేవాడు కాదు.

హాల్వర్


టోర్న్‌బీ
మార్చి 20

మా ఇంటి పెద్దవాడైన మామయ్యకి,

ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపిస్తున్నాను. శ్రద్ధగా చదువు.

నిన్న కోర్టు భవనం వెనకగదిలో విచారణ జరిగింది. బల్లకి అటు ప్రతినిధుల అర్హత తేల్చే సంఘం వాళ్లు ముగ్గురు, ఇటు మేం. వర్జిల్ గారు ఆదివారం కోటు వేసుకొచ్చారు. నన్ను లేచి అర్జీ చదవమన్నారు. చదివాను. నేను రాసిన మాటలే, నా నోట్లో గులకరాళ్లలా తిరిగాయి. "మారెన్ రుస్తాద్ అనే మహిళ తన ఇష్టప్రకారం..." దాకా వచ్చానో లేదో, వెనక నుంచి గొంతు వినిపించింది.

"అక్కడ ఆగు."

అమ్మ లేచింది. నువ్వు చెప్పినట్టే నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎదురుగా మంగలి కొట్టు, అందులో ఎవరికో గడ్డం గీస్తున్నారు. ఆ గడ్డం నాకు జన్మలో మర్చిపోలేనంత బాగా గుర్తుంది.

"నేనే మారెన్ రుస్తాద్‌ని. బడి బస్సు నడుపుతాను. మా నాన్న నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టాడు, నిజమే. పెళ్లయ్యాక మా ఆయన పక్కన నిలబడ్డాను, అదీ నిజమే. కానీ ఫిబ్రవరి ఎనిమిదో తేదీ సాయంత్రం నన్నెవరూ నిలబెట్టలేదు. మా ఆయన పిలిచాడు, పోలేదు. మా అమ్మాయి పిలిచింది. దాని దగ్గరికి పోకుండా ఉండటం ఇంకా కష్టమైంది, అయినా పోలేదు. నేను ఒక ప్రశ్న అడిగాను. ముగ్గురిలో ఎవరూ జవాబు చెప్పలేదు. చెప్పేదాకా కాఫీ బల్ల దగ్గరే ఉంటాను. అక్కడ నిలబడింది నేనే, నా కాళ్ల మీదే. రాసుకోండి."

కూర్చోబోయి మళ్లీ లేచింది. "కాఫీ పోశాను కూడా. రెండు పనులూ ఒకేసారి చెయ్యగలను."

సంఘం అధ్యక్షుడు ఆపుకోలేక నవ్వేశాడు. తర్వాత వర్జిల్ గారిని అడిగాడు, ఎటూ తేల్చుకోనివాళ్లని కాఫీ బల్ల దగ్గర ఎందుకు పెట్టారని. నేనన్న పన్నాగం సంగతి తేలిపోయేది ఇక్కడే కదా, చెవులు రిక్కించాను.

"ఆ గదికి నాలుగే మూలలండి. మూడు మూలలు ముగ్గురికిచ్చాను. నాలుగో దాంట్లో కాఫీ పాత్ర ఉంది, ప్లగ్గు అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు," అన్నాడాయన.

అంతే, మామయ్యా! ఆరు వారాలు నేను యుద్ధం చేసింది ఒక ప్లగ్గుతో!

అర్జీ కొట్టేశారు. నేను ఓడిపోయాను. ఓడిపోయి ఇంత గర్వంగా మెట్లు దిగినవాళ్లు మార్లో కోర్టులో ఎవరూ ఉండరు. బస్సు దాకా అమ్మ చెయ్యి వదల్లేదు. వర్జిల్ గారు మెట్ల దగ్గర టోపీ తీసి అమ్మకి దండం పెట్టారు. నా వంక చూసి, "బడి తలుపు కీలు ఊడొచ్చింది అమ్మాయ్, ఎప్పుడొచ్చి బిగిస్తావు?" అన్నారు. మంగళవారం వస్తానన్నాను. మేకులు ఆయనే ఇస్తానన్నారు.

ఇంటికొచ్చాక నాన్నే పొయ్యి వెలిగించాడు. అమ్మకి కాఫీ కాచి ఇచ్చాడు. గుడ్డు పెంకుతో సహా వేశాడు. అమ్మ చుక్క మిగల్చకుండా తాగింది.

ఇక అసలు పని. మహాసభలోనూ ఇలాంటి లెక్కే, వంతు మాత్రం కాస్త వేరు. కౌంటీలో ఊరూరి నుంచీ వచ్చిన ప్రతినిధుల్లో ఏడో వంతుకి కాస్త ఎక్కువే కలిస్తే తప్ప ఎటూ తేల్చుకోని గుంపు నిలవదు. నిలిస్తే, ఆ గుంపుని గెలుచుకోవడానికి ముగ్గురు అభ్యర్థుల మనుషులూ అమ్మ దగ్గరికి రావాలి. వచ్చి ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి. నిలవకపోతే ఆ ప్రశ్నని కోటు జేబులో పెట్టుకుని ఇంటికి రావాలి. అందుకని నేను గుడ్ల గోదాములో వారం కిందటే సెలవు పెట్టి, ఊరూరూ తిరుగుతున్నాను. కెస్లర్ గారి కోసం తిరిగిన అవే రోడ్లు, అవే కుక్కలు. ఈసారి కుక్కలు నన్ను గుర్తుపట్టి మొరగడం మానేశాయి.

కరపత్రం కూడా నేనే రాశాను. మొదట రెండు పేజీలు వచ్చింది, ఉప్పెనలు, పిడికిళ్లు అన్నీ పెట్టాను. అమ్మ పెన్సిలు తీసుకుని కూర్చుంది. కొట్టేసి కొట్టేసి, "ఇంత చాలు," అంది. మిగిలింది కింద రాస్తున్నాను. ఇది ఊళ్లవాళ్ల కోసం. నీక్కూడా.

ఏ మూల నిలబడాలని అడిగావు. ప్రతినిధుల వరసల వెనక చూసేవాళ్లకి బెంచీలుంటాయి. అక్కడి నుంచి కాఫీ పాత్ర మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకదాన్ని నేను. పాత్ర రెండో చెవి పట్టుకోవడానికి ఓటు అక్కర్లేదు, ఇల్లు అక్కర్లేదు. మీ మేస్త్రీతో చెప్పు.

మారెన్ రుస్తాద్ కూతురు,
సిగ్నే

"మార్లో ఆసుపత్రిలో ప్రసవాల గది మూసేశారు. తెరిపిస్తామని ఏ అభ్యర్థీ ఇంకా అనలేదు. అనేదాకా మేం ఎవరి మూలకీ పోము. మీరూ అలాగే అనుకుంటే మాతో వచ్చి నిలబడండి. మార్చి 26, శనివారం, ఉదయం తొమ్మిది గంటలకి. మార్లో సంత మైదానం హాలు. కాఫీ బల్ల దగ్గర."